నిలిచిన బండి ఎందుకు వణుకుతుంది?

కారు రోడ్డుమీద పరుగెత్తుతున్నంతసేపూ ఏ లోపమూ కనిపించదు. కూడలిలో ఎర్రదీపం పడి బండి ఆగగానే వణుకు మొదలవుతుంది. స్టీరింగు చక్రం అదురుతుంది. అద్దాలు గడగడలాడుతాయి. సైలెన్సరు శబ్దంలో ఉండుండి ఒక దెబ్బ తప్పిపోతుంది. పచ్చదీపం వచ్చి యాక్సిలరేటరు తొక్కగానే అంతా సర్దుకొంటుంది. "ఏమీ లేదులే, నడుస్తున్నది గదా!" అని యజమాని ఊరుకొంటాడు. వెనుక సీటులోని అవ్వ మాత్రం, "ఏమి నాయనా, బండికి చలిజ్వరమా?" అని అడుగుతుంది. అవ్వ అడిగినదే సరియైన ప్రశ్న. జ్వరం ఎట్లా రోగం కాక రోగానికి గుర్తో, ఈ వణుకూ అట్లాగే లోపల ఉన్న ఏదో ఒక లోపానికి గుర్తు.

హోసూరులో గాని, కోయంబత్తూరులో గాని, బెంగుళూరులో గాని, మెకానిక్కు షెడ్డుకు పోయి దీనికి పెద్ద వర్ణన చెప్పనక్కరలేదు. "మిస్సింగ్ ఉంది" అంటే చాలు. తెలుగువాడూ, తమిళుడూ, కన్నడిగుడూ ముగ్గురూ ఈ ఒక్క మాటనే వాడుతారు. అయితే మాట ఒక్కటే గాని కారణాలు పది. పదింటిలో మన బండిది ఏదో తెలుసుకోకుండా చేసే వైద్యమే చాలా ఇళ్ళలో డబ్బును మింగుతున్నది.

ఆ వైద్యం రెండు విధాలు. మొదటిది, కార్బొరేటరు మీద ఉన్న వేగపు మరను అర చుట్టు తిప్పి ఇంజను వేగం పెంచడం. వణుకు వినబడకుండా పోతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, రోగం మాత్రం లోపలే ఉండిపోతుంది. రెండవది, ప్లగ్గులు, కాయిలు, పంపు, వైర్లు అన్నీ వరుసగా మార్చివేయడం. ఏదో ఒకటి తగులుతుంది, కాని ఏది తగిలిందో ఎవరికీ తెలియదు. ఈ రెండూ కాని మూడవ మార్గం ఒకటి ఉన్నది. అది ఇంజనును వరుసగా ప్రశ్నించడం. ఆ వరుసను చదువరుల ముందు పెట్టడమే ఈ వ్యాసం పని. ఇందులో చెప్పేది పెట్రోలు బండ్ల సంగతి. డీజిలు ఇంజనుల తీరు వేరు.

ఆగినప్పుడే ఎందుకు?

మన కార్లలోని ఇంజను ఒక్కొక్క సిలిండరులో నాలుగు పనులు చేస్తుంది. గాలినీ పెట్రోలునూ పీల్చడం, వాటిని నొక్కడం, మండించడం, పొగను బయటికి తోయడం. ఈ నాలుగూ పూర్తి కావడానికి ఇరుసు రెండు చుట్లు తిరగాలి. నిలిచిన బండిలో ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. అప్పుడు ఒక్కొక్క సిలిండరు నిమిషానికి 400 మార్లు మండుతుంది. నాలుగు సిలిండర్లకూ కలిపి 1600 మంటలు, అనగా సెకనుకు ఇరవైఆరు, ఇరవైఏడు. ఇందులో ఒక సిలిండరు పని మానివేస్తే సెకనుకు ఆరేడు దెబ్బలు తప్పిపోతాయి. మన చేతికి తెలిసే అదురు అదే.

వేగం పెరిగితే తప్పిన దెబ్బల మధ్య ఎడం తగ్గుతుంది. తిరుగుతున్న బరువైన ఫ్లైవీలు ఆ ఎడాన్ని దాటించివేస్తుంది. అందుచేత లోపం పోదు గాని దాగుతుంది.

మరొక కారణం కూడా ఉన్నది. యాక్సిలరేటరు వదిలినప్పుడు గాలి ద్వారం దాదాపు మూసుకొనిపోతుంది. ఇంజను మాత్రం పీలుస్తూనే ఉంటుంది. అందువల్ల మేనిఫోల్డులో గాలి ఒత్తిడి బయటి ఒత్తిడిలో సగానికంటె కూడా తగ్గిపోతుంది. ఆ సమయంలో ఎక్కడ చిన్న చిల్లు ఉన్నా బయటి గాలి లెక్కకు రాకుండా లోపలికి దూరుతుంది. ద్వారం బాగా తెరిస్తే ఆ ఒత్తిడి తేడా తగ్గిపోతుంది. చిల్లు ద్వారా వచ్చే గాలి, వచ్చే మొత్తం గాలిలో లెక్కలోనికి రాదు. పరుగులో కప్పిపుచ్చుకొన్న లోపాన్ని ఇంజను నిలకడలో ఒప్పుకొంటుందన్న మాట. కనుక వణుకుతున్న ఇంజనును వెంటనే ఆపివేయక, రెండు నిమిషాలు శ్రద్ధగా వినడం మంచిది.

వణికేది ఇంజనా, బండియా?

మొదటి ప్రశ్న ఇది. ఇంజను కొన్ని రబ్బరు దిమ్మల మీద కూర్చొని ఉంటుంది. ఆ దిమ్మలు చిరిగినా, గట్టిపడినా, ఇంజను చక్కగా మండుతున్నా సరే బండి అంతా అదురుతుంది. అందుచేత బానెట్టు ఎత్తకముందే సైలెన్సరు గొట్టం వెనుకకు పోయి వినండి. శబ్దం గడియారంవలె సమానంగా ఉంటే దిమ్మలను చూడాలి. మధ్యమధ్య దెబ్బ తప్పుతుంటే ఇంజనును చూడాలి.

పాత మేస్త్రీలు ఇంకొక చిన్న పరీక్ష చేస్తారు. ఒక కాగితం ముక్కను సైలెన్సరు గొట్టం చివర పట్టుకొంటారు. ఆరోగ్యమైన ఇంజను దానిని ఒకే తీరుగా బయటికి తోస్తుంది. కాగితం ఉండుండి ఆగి లోపలికి పీల్చుకొన్నట్లు అయితే ఒక సిలిండరు మండడంలేదనో, పొగ వాల్వు సరిగా మూయడంలేదనో అనుమానించవచ్చు. కాగితం ముక్కకు ఖర్చేమున్నది?

ఇక్కడ ఒక హెచ్చరిక. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి వరకు తయారైన మారుతి 800 బండికి సిలిండర్లు మూడే. ఈనాటి చిన్నకార్లు చాలా వాటికీ మూడే. మూడు సిలిండర్ల ఇంజనుకు కొంత అదురు పుట్టుకతోనే ఉంటుంది. అంబాసిడరుకు అలవాటు పడినవారు దానిని రోగమని భ్రమపడకూడదు. నిన్నటికీ నేటికీ తేడా వచ్చిందా అన్నదే ప్రశ్న.

ఏ సిలిండరు?

దెబ్బ తప్పుతున్నదని తేలిన తరువాత, తప్పేది ఒకే సిలిండరులోనా, అన్నిటిలోనా అని తెలుసుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న సగం పనిని తీర్చివేస్తుంది. ఒకే సిలిండరు అయితే ఆ సిలిండరు ప్లగ్గు, దాని వైరు, దాని వాల్వులు, దాని పక్కనున్న మేనిఫోల్డు అతుకు ఇవే నేరస్థులు. అన్నీ అయితే అందరికీ ఉమ్మడిగా ఉన్న పెట్రోలు, కార్బొరేటరు, టైమింగు, పెద్ద గాలిగొట్టాలు చూడాలి. ఇంట్లో ఒకరికి కడుపు నొస్తే వారు తిన్నదేమిటని అడుగుతాం. అందరికీ నొస్తే వంటను అనుమానిస్తాం. ఇదీ అంతే.

పాయింట్లు, కండెన్సరు గల పాత బండ్లలో దీనికి సులభమైన ఉపాయం ఉన్నది. ఇంజను నడుస్తుండగా, కరెంటు తగలని పిడి గల పట్టకారుతో ఒక్కొక్క ప్లగ్గు వైరును ఊడదీసి, దాని కొనను ఇంజను లోహానికి తాకించి ఉంచుతారు. మంచి సిలిండరు వైరు ఊడదీస్తే ఇంజను ఇంకా కుంటుతుంది. చెడ్డ సిలిండరుది ఊడదీస్తే ఏ మార్పూ ఉండదు. ఇదివరకే పనిచేయనిదానిని ఆపితే మారేదేమున్నది? గుండె జబ్బు ఉన్నవారు ఈ పని ముట్టుకోరాదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషను గల కొత్త బండ్లలో ఎవరూ ఇట్లా చేయరాదు. అక్కడ ఒత్తిడి మరీ ఎక్కువ. చేతికీ ప్రమాదం, ఖరీదైన భాగాలకూ ప్రమాదం.

కొత్త బండ్లకు వేరే మార్గం ఉన్నది. స్కానరు పెడితే బండిలోని కంప్యూటరే సంఖ్య చెప్తుంది. పి 0301 అంటే ఒకటవ సిలిండరు, పి 0302 అంటే రెండవది, ఇట్లా వరుసగా. పి 0300 అంటే ఒకచోట అని కాక అక్కడక్కడ తప్పుతున్నదని అర్థం. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ సంఖ్య రోగి ఎవరో చెప్తుంది గాని రోగం ఏమిటో చెప్పదు. పి 0302 అని రాగానే "రెండవ కాయిలు మార్చాలి" అనే మెకానిక్కు పరీక్ష చేయలేదన్న మాట. పరీక్ష ఏమిటంటే, రెండవ కాయిలును మూడవ దానిలోనికీ, మూడవ దానిని రెండవదానిలోనికీ మార్చి, పాత సంఖ్యను చెరిపి, మళ్ళీ నడిపి చూడడం. ఇప్పుడు పి 0303 వస్తే తప్పు కాయిలుతోపాటు నడిచి వచ్చింది, కాయిలే దోషి. ఇంకా పి 0302 అనే వస్తే కాయిలు నిర్దోషి. తరువాత ప్లగ్గును అట్లాగే మార్చి చూడాలి. ఒక్క రూపాయి సామాను కొనకుండానే రెండు అనుమానాలు తీరిపోతాయి.

నిప్పు

మండడానికి నాలుగు కావాలి. నిప్పు, గాలి, ఒత్తిడి, పెట్రోలు. నిప్పును మొదట చూడడానికి కారణం, అది చవక, సులభం, తరచుగా చెడేది కూడా అదే.

ప్లగ్గులు విప్పి వరుసగా, ఏది ఏ సిలిండరుదో తెలిసేట్లు ఒక గుడ్డమీద పెట్టండి. ప్లగ్గు కొన లేత గోధుమరంగులోనో బూడిదరంగులోనో ఉంటే ఆ సిలిండరు సుఖంగా ఉన్నది. పొడి మసి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువగా పోతున్నదనో, నిప్పు బలహీనంగా ఉన్నదనో అర్థం. నూనెతో తడిసి ఉంటే ఇంజను ఆయిలు లోపలికి చేరుతున్నది. మరీ తెల్లగా, పొక్కినట్లు ఉంటే వేడి మించిపోతున్నది. నాలుగూ ఒకే రంగులో ఉండి ఒకటి మాత్రం వేరుగా ఉంటే మన ప్రశ్నకు జవాబు చేతిలోనే ఉన్నది.

తరువాత ఎడం. 1489 సి.సి. ఇంజను గల పాత అంబాసిడరులో ప్లగ్గు ఎడం 25 తౌలు, అనగా అంగుళంలో వెయ్యింట ఇరవైఐదు వంతులు. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల ఎడం 14 మొదలు 16 తౌలు. పాయింట్లు కాలి గుంటలు పడితే ఈ ఎడం మారిపోతుంది. ఎడం మారితే టైమింగు కూడా మారిపోతుంది. అందుచేత ముందు పాయింట్లు, తరువాతనే టైమింగు. వరుస తప్పితే చేసిన పని చెరిగిపోతుంది. డిస్ట్రిబ్యూటరు మూతలో వెంట్రుకంత పగులు ఉన్నా, వానకాలంలో తేమ చేరినా నిప్పు దారి తప్పుతుంది. వైర్లలో నిప్పు కారడం చీకటిలో బానెట్టు ఎత్తి చూస్తే నీలిరంగు మెరుపులుగా కంటికి కనబడుతుంది. వైర్లు విప్పి మళ్ళీ పెట్టేటప్పుడు అంబాసిడరులోనూ పాత ఫియట్టులోనూ మండే వరుస 1, 3, 4, 2 అని మరువకూడదు.

దొంగగాలి

ఒక భాగం పెట్రోలు పూర్తిగా మండడానికి తూకంలో దాదాపు పదిహేను భాగాల గాలి కావాలి. ఈ లెక్కను కార్బొరేటరో, కొత్త బండిలో కంప్యూటరో చూచుకొంటుంది. వాటిని తప్పించుకొని చొరబడే గాలిని దొంగగాలి అందాం. అది దూరే చోట్లు కొన్నే: కార్బొరేటరు కింది ప్యాకింగు, మేనిఫోల్డు ప్యాకింగు, ఇంజను ఆవిరిని తిరిగి లోపలికి పంపే రబ్బరు గొట్టం, బ్రేకు సర్వోకు పోయే గొట్టం. మన ఎండలకు రబ్బరు ఎండి, వంపుల దగ్గర లోపలివైపున పగులుతుంది. పైకి నున్నగానే కనబడుతుంది. చేతితో వంచి చూస్తేనే తెలుస్తుంది.

ఇంజను నడుస్తుండగా "స్స్" అనే బుస వినబడితే ఒక సన్నని రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకొని రెండవ కొనతో వెదకవచ్చు. అతుకుల మీద సబ్బునీళ్ళు కొద్దిగా వేసి చూడవచ్చు. చిల్లు ఉన్నచోట నీళ్ళను పీల్చుకొని ఇంజను శబ్దం క్షణంపాటు మారుతుంది. కొందరు ఇదే పనికి పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజను మీద, నిప్పు పుట్టే వైర్ల పక్కన పెట్రోలు చల్లడం బండిని తగులబెట్టుకోవడమే. అది ఎంత అనుభవశాలి చేసినా ఒప్పుకోవద్దు.

సర్వో గొట్టం సంగతి మరీ ముఖ్యం. ఆ గొట్టం చిల్లుపడితే ఇంజను వణకడమే కాదు, బ్రేకు పెడలు గట్టిపడి, బండి ఆపడానికి కాలి బలమంతా కావలసి వస్తుంది. పరీక్ష ఇది. ఇంజను ఆపి బ్రేకు పెడలును ఐదారు మార్లు తొక్కండి. తరువాత పెడలు తొక్కిపట్టి ఇంజను స్టార్టు చేయండి. పెడలు కాలి కింద కొద్దిగా దిగితే సర్వో పనిచేస్తున్నది. దిగకపోతే ఆ బండిని ఏర్కాడు ఘాటుకో తిరుమల కొండకో తీసుకొని పోవద్దు. షెడ్డుకే తీసుకొని పోండి. ఇంజను వణుకును చిన్నచూపు చూడరాదని చెప్పడానికి ఇంతకంటె వేరే కారణం అక్కరలేదు.

ఒత్తిడి

నిప్పూ గాలీ సరిగా ఉండి ఒక సిలిండరు ఇంకా మండకపోతే ఒత్తిడిని చూడాలి. మొదట ట్యాపెట్ల ఎడం. ఎడం మరీ తగ్గిపోతే వాల్వు పూర్తిగా మూయదు. మూయని పొగ వాల్వు కాలిపోతుంది. టకటక శబ్దం చేసే ట్యాపెట్లు చెవికి బాధ, శబ్దం చేయని బిగుతు ట్యాపెట్లు వాల్వుకు బాధ.

తరువాత గేజి. ప్లగ్గులు అన్నీ విప్పి, ఇగ్నిషనుకూ పెట్రోలుకూ కరెంటు తీసివేసి, గేజి ఒక్కొక్క రంధ్రంలో పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి స్టార్టరు తిప్పుతారు. అంకె ఎంత అన్నదానికంటె సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నదే ముఖ్యం. ఉదాహరణకు 120, 118, 60, 121 అని వచ్చిందనుకొందాం. మూడవది రోగి. అప్పుడు ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ చూస్తారు. అంకె బాగా పెరిగితే పిస్టను రింగులు అరిగినవి. ఆయిలు ఆ సందును తాత్కాలికంగా పూడ్చింది. పెరగకపోతే వాల్వు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే వాటి మధ్య హెడ్డు గ్యాస్కెట్టు పోయి ఉండవచ్చు. దానికి తోడు రేడియేటరులో నీళ్ళు తగ్గుతున్నా, ఆయిలు పాలమీగడలా మారినా అనుమానం బలపడుతుంది.

"హెడ్డు దించాలి" అని ఎవరైనా చెప్పినప్పుడు, "గేజి పెట్టారా? నాలుగు అంకెలూ ఎంతెంత వచ్చినాయి?" అని అడగడం యజమాని హక్కు. మంచి మేస్త్రీకి ఆ ప్రశ్న సంతోషమే కలిగిస్తుంది.

పెట్రోలు చివర

కార్బొరేటరును చివర ముట్టుకోవడానికి కారణమున్నది. మిగిలిన మూడూ సరిగా ఉంటేనే దాని మరలు నిజం చెప్తాయి. ఇంజను బాగా వేడెక్కిన తరువాత, మిశ్రమపు మరను నెమ్మదిగా లోపలికి తిప్పితే ఒకచోట ఇంజను కుంటుతుంది. బయటికి తిప్పితే ఇంకొకచోట కుంటుతుంది. ఆ రెంటి నడుమ నున్నగా నడిచే చోటే దాని స్థానం. తరువాతనే వేగపు మర. మర ఎంత తిప్పినా ఏ మార్పూ లేకపోతే నిలకడ వేగపు జెట్టు మూసుకొనిపోయింది. విప్పి గాలితో ఊదాలి, సూదితో పొడవకూడదు. ఎస్. యు. కార్బొరేటరు గల బండ్లలో లోపలి పిస్టనును ఒక వెంట్రుకవాసి ఎత్తి చూస్తారు. వేగం పెరిగి అట్లాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఇంజను ఆగిపోతే తక్కువ, క్షణం పెరిగి మళ్ళీ సర్దుకొంటే సరిపోయింది.

ఇంజెక్షను బండ్లకు ఈ మరలు లేవు. వాటిలో గాలి ద్వారం చుట్టూ నల్లని మసి పేరుకొనడం వణుకుకు సాధారణమైన కారణం. తగిన ద్రావకంతో, మెత్తని గుడ్డతో తుడవాలి. కరెంటు మోటారుతో తెరుచుకొనే ద్వారాన్ని వేలితో బలవంతంగా నెట్టకూడదు. తుడిచిన తరువాత కొన్ని బండ్లలో కంప్యూటరుకు కొత్త స్థానం నేర్పించవలసి ఉంటుంది.

ఇక పెట్రోలు. మన దేశంలో 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం అమలులోనికి వచ్చింది. ఇథనాలు తేమను పీల్చుకొంటుంది. తేమ మించితే నీళ్ళతో కలిసి ట్యాంకు అడుగున వేరుపడుతుంది. పాత బండ్లలోని రబ్బరు గొట్టాలు, పంపు పొర, ప్యాకింగులు దీనిని ఊహించి చేసినవి కావు. కనుక పిల్లలు విదేశాలలో ఉండి కాంపౌండులో నెలల తరబడి నిలిచిపోయిన బండి వణుకుతుంటే పాత పెట్రోలును తీసివేసి, ఫిల్టరునూ గొట్టాలనూ చూడడం మొదటి పని. రబ్బరు మెత్తబడి పెట్రోలు చెమర్చుతుంటే అది వణుకు సంగతి కాదు, నిప్పు సంగతి.

వణుకును మోస్తూ తిరిగితే

చెన్నైతో సహా నాలుగు మహానగరాలలో 1995 ఏప్రిల్ నుండి కొత్త పెట్రోలు కార్లకు పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి అయింది. సిలిండరులో మండని పెట్రోలు పోయి ఆ కన్వర్టరులో మండుతుంది. అది ఎర్రగా కాలి, లోపలి గూడు కరిగిపోతుంది. ప్లగ్గో కాయిలో చిన్న ఖర్చు. కన్వర్టరు చాలా పెద్ద ఖర్చు. మీ బండిలో ఇంజను దీపం మిణుకుమిణుకుమంటే అర్థం ఇదే. నెమ్మదిగా పక్కకు తీసి ఆపాలి. పాత బండ్లలో మండని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగివేసి, రింగులను అరగదీస్తుంది.

పరీక్ష చేసేవారికి నాలుగు మాటలు. షట్టరు వేసిన షెడ్డులో ఇంజను నడపవద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, మనిషిని నిద్రలోనికి తోసి చంపుతుంది. చీర చెరగు, కండువా, పంచె, గాజులు ఫ్యాను దగ్గరకు రాకూడదు. కొత్త బండ్లలో ఇంజను ఆపిన తరువాత కూడా ఫ్యాను తనంతట తానే తిరుగుతుంది. వేడి రేడియేటరు మూత తీయవద్దు. గేరు న్యూట్రలులో ఉంచి, చేతి బ్రేకు లాగి, చక్రాలకు దిమ్మలు పెట్టండి.

మన ఇళ్ళలో మూడు తరాల బండ్లు

ఈ వరుస నేర్చుకోవడంలో మనవారికి కొంత సంబంధమూ ఉన్నది. కోయంబత్తూరులోని తెలుగు కుటుంబంలో 1893లో పుట్టి 1974లో పోయిన జి. డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో రవాణా ప్రారంభించారు. అంతకుముందే ఒక మోటారు సైకిలును కొని, విప్పి, మళ్ళీ బిగించి ఇంజను విద్య నేర్చుకొన్నారు. బడిలో కాక సామానులోనే చదువుకొన్న మనిషి ఆయన. విప్పినది విప్పిన వరుసలో పెట్టి, ఏది ఎందుకున్నదో అడగడమే ఆ చదువు.

అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. ముంబయి రోడ్ల మీద టాక్సీగా తిరిగిన ప్రీమియర్ పద్మిని 2023 అక్టోబరుతో ఆ కొలువు చాలించింది. అయినా తండ్రి కొన్న బండిని అమ్మలేక ఉంచుకొన్న ఇళ్ళు మనలో ఎన్నో. వాటి సామాను చెన్నై పుదుప్పేటలోనూ, జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనూ, బెంగుళూరు జె. సి. రోడ్డులోనూ వెదకవలసి వస్తున్నది. దొరకని సామానును ఊహతో మార్చివేయడం మరీ నష్టం. మంచి భాగాన్ని పారవేసి నాసిరకం కండెన్సరు తెచ్చుకొన్నవారూ ఉన్నారు. పరీక్ష తరువాతనే సామాను అనే నియమం కొత్త బండికంటె పాత బండికే ఎక్కువ అవసరం.

షెడ్డుకు పోయేముందు ఒక కాగితం మీద ఐదు సంగతులు రాసుకొని పోండి. వణుకు చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతనా? ఏ.సి. వేస్తే పెరుగుతున్నదా? వాననాడు ఎక్కువా? పెట్రోలు పోయించిన తరువాత మొదలయిందా? ఈ మధ్య ఏ పని చేయించారు? చలిలో మాత్రమే వణికితే చోకునూ, వేడిని కొలిచే భాగాన్నీ చూస్తారు. వేడెక్కిన తరువాత వణికితే కాయిలునూ వాల్వులనూ చూస్తారు. ఏ.సి. తోనే వణికితే గాలి ద్వారం బరువుకు తగినట్లు తెరుచుకోవడంలేదు. వాననాడయితే వైర్లు. పని చేయించిన మరునాడే అయితే ఎక్కడో ఒక గొట్టం తగిలించడం మరచిపోయారు.

ఒక మారు ఒకే మార్పు చేయించండి. చేసినదీ, ఫలితమూ, తేదీ ఒక నోటు పుస్తకంలో రాసి బండి అరలో పెట్టండి. మెకానిక్కు మారినా, ఊరు మారినా, బండి కొడుకు చేతికో కూతురు చేతికో వచ్చినా ఆ పుస్తకం మాట్లాడుతుంది. వేగపు మరను తిప్పి వణుకును దాచినవాడు ఆ పుస్తకంలో రాయడానికి ఏమీ ఉండదు.